సువార్తమ్మగారి బెంచీలు

ఇనప కుర్చీని గచ్చు మీద ఈడిస్తే వచ్చే చప్పుడు ఎవరికీ ఇష్టం ఉండదు. పళ్ళు జివ్వుమంటాయి. నాకైతే పళ్ళతో ఆగదు, ఒళ్ళు మండుతుంది. ఈమధ్య మా ఊళ్ళో కాలవ గట్టును అందంగా తీర్చిదిద్దుతామనీ, అందుకు కొత్త నిబంధనలు పెడుతున్నామనీ, వాటి మీద ప్రజల అభిప్రాయం చెప్పమనీ కల్యాణమండపంలో ఒక సభ పెట్టారు. కాస్త ముందుగానే వెళ్ళి కూర్చున్నాను. ఇద్దరు కుర్రాళ్ళు వెనక వరసల్లోని కుర్చీలు మడిచి, బరబరా ఈడ్చుకుపోయి గోడవార పేర్చేస్తున్నారు. ఎందుకని అడిగితే "జనం ఎక్కువ రారంటండీ, ముందు రెండు వరసలు చాలన్నారండీ" అన్నాడు ఒకడు. అతనలా అంటుండగానే గట్టు మీద చేపలూ కూరలూ అమ్ముకునే ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళను నిలబడమని ఎవరూ అనలేదు. కూర్చోమని కూడా అనలేదు. నాకు మా సువార్తమ్మ టీచరుగారు గుర్తొచ్చారు.

ఈ ఊరి పేరు నేను రాయను. రాస్తే ఆ ఒక్క ఊరే అలాంటిదనుకుంటారు. కోనసీమలో కాలవా, దాని నీళ్ళు ఆపే లాకులూ, బస్టాండూ ఉన్న ఏ ఊరైనా అనుకోండి. అప్పటికి మాది పేరుకు మేజరు పంచాయతీ, దర్జాకు మాత్రం పట్నం. డెబ్బయ్యో దశకం చివర నేను ట్రైనింగు ముగించుకుని గట్టు పక్కనున్న పంచాయతీ సమితి ఎలిమెంటరీ స్కూల్లో చేరాను. సువార్తమ్మగారు అక్కడ హెడ్మిస్ట్రెస్. గంజి పెట్టిన తెల్లచీర, చంకలో నల్లగొడుగు, పన్ను మీద పన్ను. ఆ పన్ను కనిపించేది ఆవిడ నవ్వితేనే కాబట్టి ఎక్కువమంది చూసి ఉండరు. నేను ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని వెళ్ళి, పేరు చెప్పి, టేబుల్ ముందు నిలబడ్డాను. కూర్చోమన్నారు. "పర్వాలేదండీ" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను పైకీ కిందకీ చూశారు. "పర్వాలేదా అని నేనడగలేదమ్మా శారదా. కూర్చోమన్నాను" అన్నారు. కూర్చున్నాక గానీ కాగితం అందుకోలేదు.

ఆ పట్టుదల మొదట్లో నాకు చాదస్తంగా అనిపించేది. పిల్లల తల్లులు వస్తే కిటికీ అవతల నిలబడి, ఊచలు పట్టుకుని మాట్లాడబోయేవారు. ఈవిడ వినేవారు కాదు. లోపలికి రావాలి, బెంచీ మీద కూర్చోవాలి, అప్పుడే మాట. నూకాలమ్మ అని ఒకావిడ ఉండేది. మురమళ్ళ వైపు నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు చేపలు తెచ్చుకుని గట్టు మీద గంప దించేది. ఆవిడ మనవరాలు నా తరగతిలోనే చదివేది. ఒకరోజు ఆ పిల్ల హాజరు గురించి పిలిపిస్తే వచ్చి, గుమ్మం దాటనంటే దాటనంది.

"నా కోకంతా నీసండీ పంతులమ్మగారండీ. మీ బెంచీకి అంటుకుంటాదండీ."

"బెంచీకి ముక్కు లేదు నూకాలమ్మా. వచ్చి కూర్చో."

"తవరి ముందు నేను కూకుంటే బాగోదండీ."

"నాకు బాగుంటుంది. నువ్వు కూర్చునేదాకా నేను మీ పిల్ల సంగతి చెప్పను. నీ చేపలు ఎండిపోతాయి, నీ ఇష్టం."

నూకాలమ్మ బెంచీ అంచు మీద, సగం ఆని సగం ఆననట్టు కూర్చుంది. మరుసటిసారి కాస్త ఎక్కువ ఆనింది. ఏడాది తిరిగేసరికి వచ్చీరాగానే బెంచీ మీద చతికిలబడి "ఏటండీ పంతులమ్మగారండీ, ఇది సదువుతుందా సావగొడతందా" అని అడిగే స్థితికి వచ్చింది. అది చూసి నేను నవ్వాను. సువార్తమ్మగారు నవ్వలేదు. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, నేనేమీ అడగకుండానే, వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. ఆయన కొత్తపేట దగ్గర ఒక పెద్దరైతు ఇంట్లో పాలేరు. బతికినన్నాళ్ళూ ఆ ఇంటి వాకిట్లో నిలబడే ఉన్నాడు. మిషను వాళ్ళ బళ్ళో చదివి టీచరైన కూతురు నాన్నకోసం చేతుల కుర్చీ ఒకటి చేయించి తెచ్చింది. ఆయన రోజూ దాన్ని తుడిచేవాడు. తన తువ్వాలు దాని మీద ఆరేసేవాడు. తను మాత్రం దాని పక్కనే నేలమీద కూర్చునేవాడు. "అందులో ఒక్కపూట కూర్చోకుండా పోయాడమ్మా" అన్నారు ఆవిడ. గొంతులో దుఃఖం లేదు, కోపం ఉంది. ఆ కోపం నాన్న మీద కాదని నాకు తెలుస్తూనే ఉంది. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. వేదం చెప్పుకునే ఇల్లు. మా అరుగు దగ్గర ఎంతమంది నిలబడి మాట్లాడి వెళ్ళిపోయారో, ఒక్కరినైనా కూర్చోమన్న మాట నేను వినలేదు.

ఆ తర్వాత ఏడాదే గట్టు గొడవ మొదలైంది. పంచాయతీవాళ్ళు కొత్త నియమాలు తయారు చేశారు. బస్టాండు నుంచి లాకుల దాకా గట్టు మీద ఎవరూ గంపగానీ తట్టగానీ దించకూడదు. అమ్ముకునేవాళ్ళంతా ఊరి చివర, ఇటికల బట్టీల అవతల కట్టిన కొత్త మార్కెట్టుకు పోవాలి. కారణం పరిశుభ్రత అన్నారు. గట్టుకు ఎదురుగా కొత్తగా డాబా షాపులు కట్టుకున్న పెద్దమనుషులకు తమ గుమ్మం ముందు చేపల వాసన రావడం నచ్చలేదన్న మాట కాగితంలో ఎక్కడా లేదు. అభ్యంతరాలున్నవాళ్ళు ఫలానా రోజు పంచాయతీ ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చని టముకు వేశారు. టముకు వినగానే నూకాలమ్మ బడికొచ్చి బెంచీ మీద కూలబడింది. "బట్టీల కాడికి ఎవరొత్తారండీ? బస్సు దిగినోళ్ళూ పడవ దిగినోళ్ళూ ఇక్కడే కొనుక్కుని ఇంటికెళ్తారండీ. మధ్యాన్నానికి చేప మెత్తబడిపోద్దండీ. ఇక మాకు గంగలో దూకడవేనండీ" అంది.

"దూకద్దు. వెళ్ళి ఆ మాటే చెప్పండి. అందరూ వెళ్ళండి" అన్నారు టీచరుగారు. ఆ రోజున మాకు సెంటరు మీటింగు పడింది. చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా ఒకచోట చేరాల్సిన రోజు, మానడానికి వీల్లేదు. వెళ్ళేముందు ఆవిడ నూకాలమ్మను పిలిచి ఏమేం చెప్పాలో చెప్పించుకుని విన్నారు. నూకాలమ్మ చక్కగా చెప్పింది. ఎక్కడ నిలబడాలో ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పాలని టీచరుగారికి తోచలేదు. బడిలో అలవాటైంది కదా అనుకున్నారు.

మేం సాయంత్రం బస్సు దిగేసరికి గట్టు మీద వాళ్ళంతా మా కోసం కాచుకుని ఉన్నారు. ముఖాలు వెలిగిపోతున్నాయి. ఉతికిన కోకలు కట్టుకున్నారు, తలలో పూలు. పొద్దున అమ్మకాలు మానుకుని అందరూ వెళ్ళారట. ఆఫీసు మెట్ల కింద చెప్పులు విడిచి, వరండాలో గోడవార వరసగా నిలబడ్డారట. అల్లరి చేయలేదు, తోసుకోలేదు. పెద్దల ముందు ఎలా మసలుకోవాలో కోనసీమలో ఎవరికీ నేర్పక్కర్లేదు.

"లోపలికి వెళ్ళలేదా?" అన్నారు టీచరుగారు.

"కుర్చీల్లో పెద్దోళ్ళు కూకున్నారండీ. ఆళ్ళ మజ్జిన మేవెళ్తామా అండీ? పెసిడెంటుగారు బయటికొచ్చి మమ్మల్నందర్నీ చూసేరండీ. చూసి, తలూపేరండీ. ఇక బయం లేదండీ" అంది నూకాలమ్మ.

"నువ్వేం చెప్పావు?"

"చెప్పమని ఎవరూ అడగలేదండీ. చూసేరు కదండీ."

సువార్తమ్మగారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. వాళ్ళ సంతోషం చూసి నాకు కూడా ఏమీ అనబుద్ధి కాలేదు. తమను చూశారు కాబట్టి తమ మాట విన్నట్టే అనుకున్నారు వాళ్ళు. పెద్దమనిషి తలూపితే అది మాటిచ్చినట్టే అని పుట్టినప్పటినుంచీ నమ్మినవాళ్ళు. వారం తిరక్కుండానే మళ్ళీ టముకు వేశారు. సభ జరిగిందనీ, అభ్యంతరం చెప్పేవారెవరూ హాజరు కాలేదనీ, వచ్చే నెల నుంచి నియమాలు అమలవుతాయనీ ఆ గట్టు మీదే, ఆ ఆడవాళ్ళ ముందే అరిచి చెప్పారు. హాజరు కాలేదట. నిమ్మకు నీరెత్తినట్టు ఎలా చెప్పగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బడి వదలగానే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు నడిచారు. ప్రెసిడెంటుగారు కొబ్బరికాయల వ్యాపారి, మాట తీపి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు కూడా. "టీచరుగారూ, తవరు రావాలా అండీ? కబురంపితే మేవే వచ్చేవాళ్ళవండీ. కాఫీ పుచ్చుకుంటారా అండీ?" అన్నాడు. ఆవిడ కాఫీ వద్దని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. ఆ రోజు అంతమంది వస్తే ఎవరూ రాలేదని ఎలా చెప్పించారని అడిగారు. ఆయన గుమాస్తా వైపు చూశాడు.

"హాల్లో కూర్చున్నవారే హాజరండీ. వరండాలో నిలబడ్డవాళ్ళు వేరే పనుల మీద వచ్చినవాళ్ళ కింద లెక్కండీ" అన్నాడు గుమాస్తా.

"వరండా పంచాయతీది కాదా?"

"పంచాయతీదేనండీ."

"అందులో నిలబడ్డవాళ్ళు?"

ప్రెసిడెంటుగారు నవ్వాడు. "పాపం మంచోళ్ళండీ ఆళ్ళు. ఎంత మర్యాదగా నిలబడ్డారండీ. ఆళ్ళ మంచికే కదండీ మార్కెట్టు కట్టించేం" అన్నాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఎవరి మర్యాదను చూసి మురిసిపోతున్నాడో ఆ మర్యాదతోనే వాళ్ళ నోట్లో మట్టి కొట్టాడు. నేను ఏదో అనబోయాను. టీచరుగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "మళ్ళీ సభ పెట్టండి. తేదీ చెప్పండి. చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. ఆయ్, అలాగేనండి, చూద్దామండి అంటూ ఆయన లోపలికీ బయటికీ తిరిగాడు. గుమాస్తా తాళాలు గలగలలాడించాడు. దీపాలు పెట్టే వేళైంది. ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. బజారులో జనం కిటికీలోంచి తొంగిచూడటం మొదలుపెట్టాక ఆయన ముఖంలో నవ్వు మాయమైంది, తేదీ వచ్చింది.

తిరిగి వస్తుంటే ఆవిడ అన్నారు. "నిలబడ్డవాళ్ళని పంపెయ్యడం తేలికమ్మా. కాళ్ళు పీకితే వాళ్ళే పోతారు. కూర్చున్నవాళ్ళని లేపాలంటే ఏదో ఒక మాట చెప్పాలి. ఆ మాట కోసమే కూర్చోవాలి."

సభ ముందురోజు సాయంత్రం గుమాస్తా బడి దారిన పోతూ, పలకరింపుగా, హాల్లో కుర్చీలు రిపేరుకు పంపేశారనీ, పెద్దలకు మాత్రం నాలుగు ఉంచారనీ చెప్పి వెళ్ళాడు. మంచితనంతో చెప్పాడో, వెక్కిరించడానికి చెప్పాడో నాకు తెలియదు. సువార్తమ్మగారు గదుల్లోకి వెళ్ళి బెంచీలు చూస్తూ కాసేపు నిలబడ్డారు. మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. పిల్లలు వెళ్ళిపోగానే గట్టు మీది ఆడవాళ్ళు వచ్చారు. గంపలు మోసే చుట్టకుదుర్లు నెత్తిన పెట్టుకుని, బెంచీకి ఇద్దరు చొప్పున ఎత్తుకుని, బజారు నడిబొడ్డున వరసగా నడిచారు. ముందు నల్లగొడుగు వేసుకుని టీచరుగారు. బస్టాండులో జనం పెళ్ళివారి సామాను అనుకుని దారి ఇచ్చారు. హాల్లోకి వెళ్ళి ఆ బెంచీలు దించిన చప్పుడు నేను బతికుండగా మర్చిపోను. ఆ తర్వాత అందరూ కూర్చున్నారు. కోకలకు నీసు వాసన వస్తూనే ఉంది. షాపులాయన ఒకడు ముక్కుకు తువ్వాలు అడ్డుపెట్టుకున్నాడు. చేపలు తినేటప్పుడు ఆ ముక్కు ఎక్కడ పెట్టుకుంటాడో మరి.

నూకాలమ్మ వంతు వచ్చింది. పేరు పిలవగానే అలవాటు కొద్దీ లేవబోయింది.

"కూర్చునే చెప్పు" అన్నారు టీచరుగారు.

"సభా మర్యాద ఉంటుంది కదండీ. లేచి చెబితే బాగుంటుందండీ" అన్నాడు గుమాస్తా.

"కిందటిసారి నిలబడే ఉంది. మీకు కనపడలేదు."

నూకాలమ్మ బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. ఈసారి పూర్తిగా ఆనింది. "అయ్యా, మేం గంప దింపితే తవరికి అడ్డవన్నారండీ. దింపకపోతే మా ఇంట్లో పొయ్యి మీద కుండ దింపేదేటుండదండీ. మీ గుమ్మాల ముందు మేం రోజూ కడిగి ఎళ్తావండీ, ఇంకా కడగమంటే కడుగుతావండీ. బట్టీల కాడికి మాత్రం ఎళ్ళవండీ. రాసుకోండి" అంది. రాసుకోండి అన్న మాట దగ్గర గొంతు గట్టిపడింది. గుమాస్తా ప్రెసిడెంటుగారి వైపు చూశాడు. ఆయన తలూపాడు. గుమాస్తా రాశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. కొందరు ఏడ్చారు, ఒకావిడ తిట్టింది. అన్నీ రాయాల్సి వచ్చింది.

నియమం పూర్తిగా పోలేదు. మధ్యాహ్నం దాకా గట్టు మీద అమ్ముకోవచ్చనీ, ఆ తర్వాత కడిగి ఖాళీ చేయాలనీ మార్చారు. అది సగం గెలుపే. కానీ చేపలకు కావాల్సింది ఆ సగమే. గట్టు నిలిచింది. ఊరు వదలాల్సి వచ్చింది సువార్తమ్మగారే. బడి ఆస్తిని అనుమతి లేకుండా వాడుకున్నారని సమితి నుంచి మెమో వచ్చింది. బెంచీలు ఆ సాయంత్రమే బళ్ళోకి తిరిగొచ్చాయి, ఒక్క మేకు కూడా ఊడలేదు. ఆవిడ జవాబు రాశారు. తన మాట స్వయంగా వినమని అడిగారు. ఊరందరికీ సభ పెట్టించిన మనిషికి ఒక్క పూట సభ దొరకలేదు. గోదావరి పాయ దాటితే గానీ చేరలేని ఒక లంకలోని బడికి బదిలీ చేశారు. ఎక్కడికి కదలాలన్నా కిందా మీదా పడి పడవెక్కాలి. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆర్డరు మీద సంతకం పెట్టినవాడు ఆ సాయంత్రం నిశ్చింతగా అన్నం తిని ఉంటాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

వెళ్ళేరోజు కాలవ రేవులో పడవెక్కారు. నేనూ మా బడి పిల్లలూ ఒడ్డున నిలబడ్డాం. గట్టు మీద ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఎవరి గంప ముందు వాళ్ళు కూర్చుని ఉన్నారు. పెద్దవాళ్ళు ఊరు వదిలి వెళుతుంటే లేచి నిలబడటం మా వైపు మర్యాద. ఆ రోజు ఒక్కరు కూడా లేవలేదు. పడవ లాకుల వైపు తిరిగేదాకా అలాగే కూర్చుని ఆవిణ్ణి చూశారు. నూకాలమ్మ కోక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ కదల్లేదు. సువార్తమ్మగారు గొడుగు మూసి వాళ్ళ వైపు తిరిగి కూర్చున్నారు. నవ్వారు. పన్ను మీద పన్ను నాకు స్పష్టంగా కనిపించింది. ఎనభైల మధ్యలో ఆ లంకలోనే రిటైరయ్యారు, ఆ తర్వాత ఎంతోకాలం లేరు.

కల్యాణమండపంలో సభ మొదలైంది. మైకులో ఒకాయన గట్టు అందం గురించి చెబుతున్నాడు. రంగు రంగుల దీపాలట, కూర్చోవడానికి సిమెంటు బల్లలట. గట్టు మీద గంపలు మాత్రం ఉండవట. వెనక గోడకు ఆనుకున్న ఆడవాళ్ళు వింటున్నారు. నేను లేచి, గోడవార పేర్చిన కుర్చీల దగ్గరికి వెళ్ళి, ఒకటి విప్పి ఈడ్చాను. గచ్చు మీద కీచుమని అరిచింది. మైకులో మాట ఆగింది.

"మేడమ్, కొంచెం చప్పుడు..." అన్నాడాయన.

"వీళ్ళు కూర్చున్నాక చెబుదురుగాని" అన్నాను.

"పర్లేదండీ అమ్మగారూ, నించుంటావండీ" అంది ముందున్న ఒక పిల్ల. ఇరవై దాటి ఉంటాయో లేదో. చేతులు కట్టుకుని ఉంది.

"పర్లేదా అని నేనడగలేదమ్మా" అన్నాను. ఆ మాట నా గొంతుతో రాలేదు. కుర్చీ ఆ పిల్ల ముందు పెట్టి, ఇంకోదాని కోసం వెళ్ళాను. అది ఇంకా గట్టిగా అరిచింది. అరవనీ అనుకున్నాను. మూడో కుర్చీకి వెళ్ళేసరికి ఆ పిల్ల నా కంటే ముందే అక్కడుంది. ఒక చేత్తో ఒకటి, ఇంకో చేత్తో ఒకటి ఈడ్చుకుంటూ వస్తోంది.